అంగడిలో ఆన్‌లైన్ సాధనములు: వాని అందుబాటును, నమ్మకమును పరీక్షించు విధము

దీపావళినాడు క్రొత్త ఖాతాపుస్తకములకు పూజచేసి, మొదటి పుటలో శుభము, లాభము అని వ్రాసుకొనుట మన వర్తక కుటుంబములలో తరతరముల ఆచారము. ఈనాడు చిక్కబళ్ళాపురము బజారులోనైనను, చింతామణి మండీలోనైనను, బాగేపల్లి బస్‌స్టాండు దగ్గరి చిన్న అంగడిలోనైనను ఆ పుస్తకము ప్రక్కన ఒక కంప్యూటరు, దాని ప్రక్కన రెండు మూడు ఫోన్లు కనబడుచున్నవి. బిల్లు వ్రాయుట, సరుకు లెక్క చూచుట, డబ్బు పుచ్చుకొనుట, పన్ను పత్రములు దాఖలు చేయుట, లారీకి ఈ-వే బిల్లు తీయుట అన్నియు వాని మీదనే జరుగుచున్నవి. ఇవి మంచివా చెడ్డవా అను చర్చకు కాలము దాటిపోయినది. ఇవి లేక వర్తకము సాగదు. కాబట్టి వీనిని ఎట్లు పరీక్షించి నమ్మవలెనో తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

మన పెద్దలు క్రొత్త గుమాస్తాను పనిలో పెట్టుకొనునప్పుడు మూడు విషయములు విచారించెడివారు. పిలిచిన వేళకు ఉండునా? అప్పగించిన పని సరిగా చేయునా? పొరపాటు జరిగినయెడల దాచక చెప్పి సరిదిద్దుకొనునా? ఆన్‌లైన్ సాధనము కూడ ఒక గుమాస్తాయే. దానిని కూడ ఈ మూడు ప్రశ్నలే అడుగవలెను.

1. అందుబాటు వేరు, నమ్మకము వేరు

పని పడినప్పుడు సాధనము తెరచుకొని పనిచేయుట అందుబాటు. చేసిన పని సరిగా ఉండుట, వ్రాసిన లెక్క చెదరక నిలుచుట, ఆగినను త్వరగా కోలుకొనుట నమ్మకము. రోజంతయు తెరచియుండి ఒక బిల్లును రెండుసార్లు ఎక్కించు యాప్‌కు అందుబాటు ఉన్నది గాని నమ్మకము లేదు. నెలకొక గంట ఆగి, తిరిగి తెరచినప్పుడు చివరి బిల్లు వరకు చెక్కుచెదరక చూపు యాప్‌కు అందుబాటు కొంత తక్కువైనను నమ్మకము ఎక్కువ. అమ్మువారు సాధారణముగా మొదటి దానిని గురించియే చెప్పుదురు. కొనువారు రెండవ దానిని గురించి అడుగవలెను.

2. శాతముల లెక్క

“మా సర్వరు 99 శాతము పనిచేయును” అని ఒకరు చెప్పినారనుకొందము. వినుటకు నూటికి నూరు వలెనే తోచును. లెక్క చూడుడు. సంవత్సరమునకు 8,760 గంటలు. అందులో నూటికొక వంతు 87 గంటల 36 నిమిషములు, అనగా మూడున్నర దినములకు పైమాట. 99.9 శాతమైనచో సుమారు 8 గంటల 45 నిమిషములు. 99.99 శాతమైనచో సుమారు 53 నిమిషములు. బిందువు తరువాత ఒక్కొక్క తొమ్మిది చేరినకొలది ఆగు కాలము పదవ వంతుకు తగ్గుచున్నది. కాబట్టి ఎన్ని తొమ్మిదులు అని అడుగుట వ్యర్థమైన ప్రశ్న కాదు.

అంతకన్న ముఖ్యమైనది మరియొకటి గలదు. ఆ శాతము ఏ గంటల మీద కట్టినది? మన అంగడి ఉదయము 10 నుండి రాత్రి 8 వరకు, నెలకు 26 దినములు తెరచియుండునని అనుకొందము. అది 260 గంటలు. ఒక నెలలో యాప్ మూడుసార్లు ఆగినది: 20 నిమిషములు, గంటన్నర, 10 నిమిషములు. మొత్తము 2 గంటలు. మన లెక్కలో 260కి 258, అనగా 99.23 శాతము. అమ్మినవారు రాత్రింబవళ్ళు కలిపి 720 గంటల మీద లెక్క కట్టుదురు. వారి లెక్కలో 99.72 శాతము. ఇద్దరును అబద్ధమాడలేదు. కాని మన బేరములు పోయినవి మన గంటలలోనే.

మొత్తము కాలము ఒకటేయైనను ఆగిన తీరు కూడ చూడవలెను. నెలలో 2 గంటలు ఒక్కసారిగా శ్రావణ శుక్రవారము సాయంకాలము ఆగుట వేరు, ఒక్కొక్క నిమిషము చొప్పున 120సార్లు ఆగుట వేరు. మొదటి దానికి మారు ఏర్పాటు కావలెను. రెండవది ఎక్కడనో వైరు వదులుగా ఉన్నదనుటకు గుర్తు కావచ్చును.

3. గొలుసులోని కడియములు

యాప్ ఒక్కటియే పనిచేసిన చాలదు. కరెంటు ఉండవలెను. అంగడిలోని రౌటరు పనిచేయవలెను. వీధిలోని ఫైబరు తెగకుండవలెను. యాప్ సంస్థ సర్వరు నడువవలెను. బ్యాంకు సర్వరు నడువవలెను. ఈ ఐదును ఒక్కొక్కటి 99 శాతము మంచివేయైనచో మొత్తము గొలుసు 99 శాతము కాదు. ఐదింటిని గుణింపగా 95.1 శాతము మాత్రమే వచ్చును. 260 గంటలలో సుమారు 12 గంటల 45 నిమిషములు ఏదో ఒక కడియము తెగియుండును. ప్రతివారును “మా వైపు అంతయు బాగున్నది” అని ఫోనులో చెప్పుటకు కారణమిదే. వారి కడియము నిజముగనే బాగుండును.

మనకు పేరైనను తెలియని కడియములు కూడ ఉండును. 2024 జులై చివర సి-ఎడ్జ్ టెక్నాలజీస్ అను సంస్థపై సైబరు దాడి జరిగినది. చిన్న బ్యాంకులకు లావాదేవీల సేవలందించు సంస్థ అది. దాడి వ్యాపింపకుండ జాతీయ చెల్లింపుల సంస్థ దానిని తాత్కాలికముగా వేరుచేసినది. ఫలితముగా సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యు.పి.ఐ. మొదలైన సేవలు నిలిచిపోయి, ఆగస్టు 1న తిరిగి వచ్చినవి. ఆ బ్యాంకులలో సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు అనేకము. అంగడివాని ఫోను బాగున్నది, కొనువాని ఫోను బాగున్నది. నడుమనున్న కడియము తెగినది.

కాబట్టి ప్రతి అంగడివారును తమ గొలుసును ఒక కాగితము మీద గీసికొనవలెను. ఏ కడియము మన చేతిలోనున్నది, ఏది లేదు అని గుర్తించవలెను. ఇన్వర్టరు, రౌటరు, వైరు మన చేతిలోనివి. మొదట వానినే బాగుచేసికొనుట వివేకము.

4. అవసరమైన వేళనే రద్దీ

ఎప్పుడో ఒకప్పుడు ఆగుటకన్న, అందరికిని అవసరమైన నాడే ఆగుట అధిక నష్టము. యంత్రములు సామాన్యముగా అట్టి దినముననే ఆగును, ఏలయన అందరును ఒకేసారి వచ్చి పడుదురు.

2018 ఫిబ్రవరి 1న దేశమంతటను ఈ-వే బిల్లు తప్పనిసరి చేయబడినది. మొదటి దినముననే వ్యవస్థ భారము మోయలేక మొరాయించుటచే ప్రభుత్వము దానిని వాయిదా వేయవలసి వచ్చినది. తిరిగి ఏప్రిల్ 1న రాష్ట్రముల మధ్య రవాణాకు ప్రారంభమైనది. ఆ ఏప్రిల్ 1ననే రాష్ట్రము లోపలి రవాణాకు కూడ ఈ-వే బిల్లును అమలుచేసినది కర్ణాటక ఒక్కటియే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మొదలైనవి ఏప్రిల్ 15న మొదలుపెట్టినవి. కర్ణాటకకు ఆ ధైర్యము ఊరక రాలేదు. జి.ఎస్.టి.కి పూర్వమే ఇక్కడ ఈ-సుగమ్ అను ఆన్‌లైన్ రవాణా పత్రము వాడుకలోనున్నది. 2017 సెప్టెంబరు నుండి ఈ-వే బిల్లును కూడ ఈ రాష్ట్రములో నడిపి చూచియుండిరి. ముందుగా నడిపి చూచినవానికి పండుగనాడు తడబాటు తక్కువ. క్రొత్త బిల్లింగు యాప్‌ను దీపావళి వారములో కాక ఆషాఢములో మొదలుపెట్టవలెననుటకు ఇది చాలిన దృష్టాంతము.

గడువుల విషయమును అట్టిదే. 2025 జనవరి 10న జి.ఎస్.టి. పోర్టలు ఆగిపోయినది. జి.ఎస్.టి.ఆర్.-1 దాఖలు చేయుటకు మరుదినమే కడపటి తేదీ. ప్రభుత్వము ఆ గడువును 13వ తేదీకిని, జి.ఎస్.టి.ఆర్.-3బి గడువును 20 నుండి 22కును పొడిగించినది. ఆ సారి పొడిగింపు వచ్చినది గాని ప్రతిసారి వచ్చునని నమ్ముట తగదు. ఆలస్యరుసుము ఒకటే కాదు. మన పత్రము సకాలమున చేరనియెడల మన వద్ద కొన్న వర్తకునకు ఆ నెల పన్ను జమ కనబడదు. మన ఆలస్యము అవతలివాని పెట్టుబడిని బిగించును. కాబట్టి గడువుకు మూడు దినములు ముందుగా దాఖలు చేయుట మంచి సర్వరు కొనుటకన్న చవకయైన ఉపాయము.

మన ప్రాంతపు సరుకునకు ఇది మరింత వర్తించును. టమాట కాని, పట్టుగూడు కాని వేచియుండు సరుకు కాదు. గూటిలోని పురుగు చిలుకగా మారి బయటపడినయెడల ఆ గూడు దారము తీయుటకు పనికిరాదు. శిడ్లఘట్ట గూళ్ళ సంతలో వేలము ఎలక్ట్రానిక్ పద్ధతిని జరుగుచున్నది. అచ్చట పాట పాడు కొద్ది నిమిషములలో ఫోనుకు సిగ్నలు లేనియెడల, మిగిలిన రోజంతయు ఉన్నను ప్రయోజనములేదు. అందుబాటును కొలువవలసినది అవసరమైన ఆ కొద్ది నిమిషములలోనే.

5. సందేహములో పడిన చెల్లింపు

మూడవ ప్రశ్నకు, అనగా పొరపాటును సరిదిద్దు విషయమునకు, మా అంగడిలో జరిగిన ఒక సంగతి చెప్పెదను. మాది బట్టల అంగడి. ఒక పెండ్లి సీజనులో గూళూరు వైపు పల్లెనుండి ఒక తల్లి, కుమారుడు వచ్చి 8,400 రూపాయల చీరలు తీసికొనిరి. కుర్రవాడు ఫోనులో కట్టినాడు. వాని ఖాతాలో డబ్బు తగ్గినది. మా ఫోనుకు మాత్రము ఏ కబురును రాలేదు. బయట జనము నిలిచియున్నారు. నేను “మాకు రాలేదమ్మా, మళ్ళీ కట్టండి” అన్నాను. ఆమె మారుమాటాడక కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెట్టి ఇచ్చినది.

మూల కూర్చున్న మా నాయన దినచిట్టా దగ్గరకు లాగికొని, “అమ్మా, నీ ఊరేది? పిల్లవాని పేరేమి? ఫోను నెంబరు చెప్పు నాయనా” అని అడిగి, మొత్తము, వేళ కూడ వ్రాసి, ఆ పుటలో ఒక కాగితము మడిచి పెట్టినారు. రాత్రి తొమ్మిది దాటిన తరువాత ఆ 8,400 మా ఖాతాలో పడినది. ఉదయము ఫోను చేసితిమి. నాలుగు దినములకు ఆమె వచ్చి డబ్బు తీసికొని, “పోయిందనే అనుకొంటిమి సామీ” అన్నది. ఆ మాట విని నాకు సిగ్గు కలిగినది. చిట్టాలో ఆ పంక్తి లేనియెడల మా యాప్‌లో మిగిలియుండునది ఒక పేరు, ఒక మొత్తము మాత్రమే. ఆ పేరుగలవారు మా తాలూకాలో ఎంతమంది! మన శాస్త్రములు సత్యాణువ్రతమునకు చెప్పిన అతిచారములలో న్యాసాపహారమొకటి. దాచుకొన్నవాడు మరచి తక్కువ అడిగినప్పుడు మిగిలినది మనము ఉంచుకొనుట. యంత్రము తడబడిన వేళ ఆ దోషము మనకు తెలియకనే మన పెట్టెలో వచ్చి పడగలదు.

ఈ విషయములో రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఒక నియమము చేసినది. యు.పి.ఐ. ద్వారా వర్తకునకు కట్టినప్పుడు కట్టినవాని ఖాతాలో డబ్బు తగ్గి, వర్తకునకు నిర్ధారణ చేరనియెడల, లావాదేవీ నాటి నుండి 5 దినములలోపల అది తానుగా తిరిగి జమ కావలెను. వ్యక్తినుండి వ్యక్తికి పంపినదైనచో మరుసటి దినమునకే తిరిగి రావలెను. దాటిన ప్రతి దినమునకును బ్యాంకు 100 రూపాయల చొప్పున పరిహారమీయవలెను. ఈ మాట మన గిరాకీలకు చెప్పుట మన ధర్మము.

మరియొక జాగ్రత్త. చెల్లింపు తేలనప్పుడు మాటిమాటికి తెరచి చూచుట వలన మేలు లేదు. 2025 ఏప్రిల్ 12న యు.పి.ఐ. తడబడుటకు కొన్ని బ్యాంకులు పాత లావాదేవీల స్థితిని మితిమీరి విచారించుటయే కారణమని తేలినది. పిమ్మట ఆ ఆగస్టు 1 నుండి నిల్వ చూచుకొనుటకు ఒక్కొక్క యాప్‌లో దినమునకు 50సార్లు అనియు, తేలని చెల్లింపు స్థితిని చూచుటకు 90 సెకనుల ఎడముతో 3సార్లు అనియు పరిమితి పెట్టబడినది. అందరును ఒకేసారి తలుపు తట్టిన లోపలివాడు ఎవరికిని తలుపు తీయలేడు.

6. రెండవ దారి

ఒక్కొక్కటి 99 శాతము పనిచేయు దారులు రెండున్నచో, రెండును ఒకేసారి మూతపడుట పదివేలకు ఒకసారి మాత్రమే. అనగా 99.99 శాతము. కాని ఒక నిబంధన గలదు. ఆ రెండును నిజముగా వేరువేరు దారులై యుండవలెను. 2021 అక్టోబరు 4 రాత్రి వాట్సాప్ సుమారు ఆరు గంటలు ఆగినది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడ దానితోనే ఆగినవి, ఏలయన మూడును ఒక్క సంస్థవే. ఒకదానికి మారుగా మరియొకదానిని నమ్మినవారికి రెండును పోయినవి. రెండు సిమ్ములున్నను రెండును ఒకే టవరు మీద ఆధారపడినచో ఒక సిమ్మే అని లెక్కించవలెను.

ప్రభుత్వము వారు కూడ ఈ సూత్రమునే పాటించినారు. 2025 జులై 1న ఈ-వే బిల్లుకు రెండవ పోర్టలు తెరచి, మొదటి దానితో వివరములు ఎప్పటికప్పుడు సరిపోలునట్లు ఏర్పాటు చేసిరి. హైదరాబాదునుండి 44వ జాతీయ రహదారి మీద బాగేపల్లికి సరుకు తెప్పించువారికి ఇది తెలిసియుండవలెను. ఈ-వే బిల్లుకు 200 కిలోమీటర్లకు ఒక దినము గడువు. ఆ దూరము నాలుగు వందలు దాటి ఆరు వందలలోపు గనుక మూడు దినములు. దారిలో లారీ చెడినయెడల గడువు ముగియుటకు 8 గంటల ముందుగాని, ముగిసిన 8 గంటలలోపలగాని పొడిగించుకొనవలెను. ఆ వేళకు ఒక పోర్టలు తెరవనియెడల రెండవది ప్రయత్నింపవలెను. చెల్లుబాటు కాని పత్రముతో సరుకు పట్టుబడినచో పన్నుకు రెట్టింపు జరిమానా పడగలదు. గుమాస్తాకు కూడ ఆ రెండవ చిరునామా గోడమీద వ్రాసి చూపవలెను.

డబ్బు విషయములో రెండు వేరువేరు బ్యాంకుల క్యూఆర్ పలకలు, కొంత చిల్లర, ఇవి రెండవ దారి. బిల్లు విషయములో వరుస అంకెలు ముద్రించిన కాగితపు బిల్లుపుస్తకము రెండవ దారి. యాప్ తిరిగి వచ్చిన వెంటనే ఆ బిల్లులు ఎక్కించి, ఎక్కించిన గుర్తు వేయవలెను. లేనియెడల రెండవ దారియే క్రొత్త తప్పునకు దారి యగును.

7. కొనుటకు ముందు అడుగవలసినవి

మన లెక్క మనము కోరినప్పుడు పూర్తిగా దించుకొనవచ్చునా? ఇంటర్నెట్ లేనప్పుడు బిల్లు వచ్చునా? ఆగినచో ఎంతసేపటిలో కోలుకొనును? కోలుకొనినప్పుడు ఎంతసేపటి లెక్క పోవచ్చును? ఆదివారము సాయంకాలము ఫోను చేసిన మనిషి పలుకునా? చందా ఆపినయెడల పాత లెక్క ఏమగును?

కడపటి ప్రశ్నను చాలమంది మరతురు. జి.ఎస్.టి. చట్టము ప్రకారము లెక్కలను ఆ సంవత్సరపు వార్షిక పత్రము గడువునుండి 72 నెలలు భద్రపరచవలెను. యాప్ సంస్థ మూతపడినదని అధికారికి చెప్పిన చెల్లదు. ప్రతి శనివారము లెక్కను వేరొక డిస్కులోనికి దించి, మూడు నెలలకొకసారి ఆ డిస్కునుండి నిజముగా తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు ఉన్నదో లేదో చెప్పలేము.

8. అభ్యాసము

ఈ పాఠము చదివి ఊరకుండిన ప్రయోజనములేదు. ఇంటిలో చదువుకొన్న పిల్లలకు ఈ పని అప్పగింపుడు.

(అ) ఒక నోటుపుస్తకములో ఆరు గడులు గీసి 30 దినములు వ్రాయుడు: తేదీ, ఆగిన వేళ, తిరిగి వచ్చిన వేళ, ఏ కడియము తెగినది, పోయిన లెక్క ఏమైన ఉన్నదా, అప్పుడు మనము ఏమి చేసితిమి.

(ఆ) నెల చివర అంగడి తెరచిన గంటలలో ఆగిన గంటలు తీసివేసి శాతము కట్టుడు. ఎక్కువసార్లు తెగిన కడియము ఏదో చూడుడు.

(ఇ) రద్దీ లేని ఒక మధ్యాహ్నము ఇంటర్నెట్ మీటను మీరే ఆపి, అరగంట అంగడి నడిపి చూడుడు. ఎక్కడ చేయి ఆగిపోయినదో అక్కడ రెండవ దారి కావలెను.

(ఈ) తేలని చెల్లింపులకు దినచిట్టాలో వేరొక పుట కేటాయింపుడు. ప్రతి రాత్రియు బ్యాంకు లెక్కతో సరిచూచి, తేలినదానికి గుర్తు పెట్టుడు.

గుమాస్తా ఎంత మంచివాడైనను పెట్టె తాళము చెవి యజమాని వద్దనే ఉండెడిది. యంత్రము ఆగుట మన తప్పు కాదు. ఆగినప్పుడు ఎదుటివాని డబ్బు ఎక్కడనున్నదో చెప్పలేకపోవుట మాత్రము మన తప్పే. గూళూరు వైపు ఆ తల్లి మా అంగడికి తిరిగి వచ్చినది యాప్‌ను నమ్మి కాదు. ఈ సంవత్సరము క్రొత్త పుస్తకమునకు పూజచేయునప్పుడు తేలని చెల్లింపుల పుటకు కూడ ఒక పసుపుబొట్టు పెట్టుడు.